త్రాడు పట్టుకొనువారు

(న్యాయము కొరకు ప్రాణమునకు తెగించువారిని సంఘము ఏలాగు ఘనపరచవలెను?)

పాఠ్యభాగము: యిర్మీయా 38:1–13, 39:15–18
కంఠత వాక్యము: సామెతలు 31:8



చచ్చినవాని కండ్లు చారెడు అని మన పెద్దలు చెప్పుదురు. మనిషి బ్రతికియుండగా అతని కండ్లు ఎట్లున్నవో ఎవరును చూడరు. పాడె లేచిన తరువాత అవి చారెడంత కనబడును. ఈ సామెతలో నవ్వు ఉన్నది, గద్దింపును ఉన్నది. మన ప్రభువు ఇట్టి గద్దింపునే శాస్త్రులకును పరిసయ్యులకును చెప్పెను. మత్తయి 23వ అధ్యాయము 29 మొదలు 31 వరకు చదువుడి. వారు ప్రవక్తలకు గోరీలు కట్టించుచు, నీతిమంతుల సమాధులను అలంకరించుచు, తమ పితరుల కాలములో తాముండినయెడల ప్రవక్తలను చంపియుండమని చెప్పుకొనుచుండిరి. అయితే సత్యము చెప్పువాడు సజీవుడై తమ యెదుట నిలిచినప్పుడు, ఆయనను పట్టుకొనుటకు ఆలోచన చేయుచుండిరి. చనిపోయిన ప్రవక్తను పొగడుట సులభము. అతడు ఇక మనలను ఏమియు అడుగడు.

ప్రతి సంవత్సరము డిసెంబరు 10వ తేదీని లోకమంతట మానవ హక్కుల దినముగా ఆచరించుదురు. 1948లో ఆ తేదీన పారిసు నగరమందు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనను అంగీకరించెను. మనుష్యులందరు గౌరవమందు సమానులుగా పుట్టుచున్నారనునది దానిలోని మొదటి సంగతి. ఆ మొదటి వాక్యములో పురుషులందరు అను అర్థమిచ్చు మాట ఉండగా, మానవులందరు అని మార్పించినది మన దేశస్థురాలైన శ్రీమతి హంసా మెహతా. ఏబది సంవత్సరముల తరువాత, 1998 డిసెంబరు 9న, అదే మహాసభ ఇంకొక ప్రకటన చేసెను. అది ఇతరుల హక్కుల కొరకు పోరాడువారిని గూర్చినది. ఒంటరిగానైనను పదిమందితో కూడియైనను అట్టి పని చేయుటకు ప్రతివానికి హక్కు కలదనియు, ఆ పనివలన అతనికి హాని కలుగకుండ ప్రభుత్వములు కాపాడవలెననియు దాని సారాంశము. మానవ హక్కుల పరిరక్షకుడనగా పెద్ద చదువు చదివినవాడు కానక్కరలేదు. పొరుగువానికి అన్యాయము జరుగగా చూచి, అది అన్యాయమని చెప్పి, ఆ మాట మీద నిలిచినవాడెవడైనను పరిరక్షకుడే.

ఇట్టివారిని ఘనపరచుట యెట్లు? దండలు వేయవలెనా? సభలు పెట్టవలెనా? ఈ నెల పాఠములో వాక్యమును అడుగుదము.

1. గొయ్యిలో దింపబడిన దైవజనుడు

అవి యెరూషలేమునకు ముట్టడి పడిన దినములు. బబులోను సైన్యము పట్టణమును చుట్టుకొనియున్నది. లోపల రొట్టె అయిపోవుచున్నది. యిర్మీయా ప్రవక్త రాజునకును ప్రజలకును ఇష్టములేని మాట చెప్పుచుండెను. లోబడినయెడల బ్రతుకుదురు, ఎదిరించినయెడల పట్టణము కాలిపోవును అనునదే ఆ మాట. అధిపతులు దీనిని సహింపలేకపోయిరి. వారి ఆరోపణను గమనించుడి. ఇతడు అబద్ధము చెప్పుచున్నాడని వారు అనలేదు. ఇతడు యోధుల చేతులను బలహీనము చేయుచున్నాడనియు, ప్రజల క్షేమమును కాక కీడునే కోరుచున్నాడనియు అనిరి. అంతకుముందే 37వ అధ్యాయములో అతడు శత్రువుల పక్షమున చేరబోవుచున్నాడని నేరము మోపి, కొట్టి, చెరలో వేసియుండిరి.

నాటినుండి నేటివరకు ఈ ఆరోపణ మారలేదు. అన్యాయమును బయలుపరచువానికి మొదట వచ్చు బిరుదు ద్రోహి. గ్రామములోనైతే గ్రామమునకు ద్రోహి, దేశములోనైతే దేశమునకు ద్రోహి, సంఘములోనైతే సంఘమును చీల్చువాడు.

సిద్కియా రాజు దుర్మార్గుడని చెప్పుటకంటె పిరికివాడని చెప్పుట న్యాయము. మీకు అడ్డము రాజు ఏమియు చేయలేడని చెప్పి, ప్రవక్తను అధిపతుల చేతికి అప్పగించెను. వారు అతనిని కత్తితో చంపలేదు. త్రాళ్లతో ఒక గోతిలోనికి దింపిరి. అందులో నీళ్లు లేవు, బురద మాత్రమే. యిర్మీయా ఆ బురదలో దిగబడెను. ఎవరి చేతికిని రక్తము అంటదు. ఆకలియే అతనిని చంపును. నేడును అనేకులను ఈలాగే చంపుచున్నారు. ఎవరును కొట్టరు. పని ఇయ్యరు, అప్పు ఇయ్యరు, పలుకరింపరు. మనిషి తనంతట తానే దిగబడిపోవును.

2. ఎబెద్మెలెకు చేసిన నాలుగు పనులు

రాజు నగరిలో కూషు దేశస్థుడైన ఎబెద్మెలెకు అను సేవకుడుండెను. అతడు పరదేశి, షండుడు. ఆ పట్టణములో అతనికి బంధుబలము లేదు. అయినను నాలుగు పనులు చేసెను.

మొదటిది, విన్నది విననట్లు ఊరకుండలేదు. ప్రవక్తను గోతిలో వేసిన సంగతి నగరిలో చాలమందికి తెలిసియుండును. విని లేచినవాడు ఇతడొక్కడే.

రెండవది, చాటున గొణగలేదు. రాజు బెన్యామీను గుమ్మమున కూర్చుండియుండగా అక్కడికే పోయెను. గుమ్మమనగా పదిమంది కూడు స్థలము, న్యాయము తీర్చు స్థలము. అక్కడ నిలిచి, ఈ మనుష్యులు చేసినది చెడ్డపని అనెను. రాజే సెలవిచ్చిన పనిని రాజు ముఖము ఎదుట చెడ్డదనుట ఎంత అపాయమో ఆలోచించుడి.

మూడవది, ఒంటరిగా పోలేదు. రాజు సెలవుచొప్పున ముప్పదిమందిని వెంటబెట్టుకొనిపోయెను. ఒక మనిషిని పైకి లాగుటకు ముప్పదిమంది ఎందుకు? అడ్డుపడువారు ఉందురు గనుక. ఒకనిని భయపెట్టుట తేలిక, ముప్పదిమందిని భయపెట్టుట తేలిక కాదు.

నాలుగవది నా మనస్సును ఎక్కువగా తాకినది. అతడు ఖజానా క్రింది గదిలోనికి పోయి పాతగుడ్డలను, చిరిగి నలిగిన బట్టలను ఏరుకొనివచ్చెను. వాటిని త్రాళ్లతో గోతిలోనికి దింపి, ఇవి నీ చంకల క్రింద పెట్టుకొని వాటిమీద త్రాళ్లు వేసికొనుమని ప్రవక్తతో చెప్పెను. ఆకలితో చిక్కిన శరీరమును ఉత్త త్రాడుతో లాగినయెడల చర్మము ఒరుసుకొనిపోవును. ప్రాణము దక్కించుట చాలునని అతడు అనుకొనలేదు. నొప్పి కలుగకుండ దక్కించవలెనని తలంచెను. ఆ పాతగుడ్డల వెల ఎంత? ఏమియు లేదు. అయినను పరిశుద్ధాత్మ వాటిని గ్రంథములో వ్రాయించెను.

ఎబెద్మెలెకు భయమెరుగని వీరుడని తలంచకుడి. 39వ అధ్యాయము 17వ వచనము చదివినయెడల అతడు భయపడిన మనుష్యులు ఉండిరని తెలియుచున్నది. దేవుడే అతని భయమును పేరుపెట్టి చెప్పి, వారి చేతికి నిన్ను అప్పగింపనని మాట ఇచ్చెను. భయపడుచునే త్రాడు పట్టుకొనెను. విశ్వాసమనగా అదియే.

3. మన కాలపు సాక్షి ఒకడు

కూషు దేశము ఆఫ్రికా ఖండములోనిది. అదే ఖండమున, ఇంకను బహుదూరము దక్షిణముగా పోయినయెడల, కాంగో అను విశాలమైన దేశమున్నది. దాని తూర్పు సరిహద్దున కీవు అను సరస్సు ఒడ్డున బుకావు పట్టణమున్నది. అక్కడ 1955లో ఒక పెంతెకోస్తు పాదిరిగారికి కుమారుడు పుట్టెను. అతని పేరు డెనిస్ ముక్వెగె. బాలుడు తన తండ్రితో కూడ రోగులను దర్శించుటకు పోవుచుండెను. ఒక దినమున జబ్బుపడిన పసిబిడ్డ కొరకు తండ్రి ప్రార్థన చేసి లేవగా, తాను జబ్బుపడినప్పుడు మందును ఇచ్చి ప్రార్థనయు చేయు తండ్రి, ఈ బిడ్డకు మందెందుకు ఇయ్యలేదని బాలుడు అడిగెను. నేను వైద్యుడను కానుగదా అని తండ్రి చెప్పెను. అట్లయితే నీవు ప్రార్థన చేయుము, నేను మందు ఇచ్చెదనని ఆ బాలుడు నిశ్చయించుకొనెను. మిషను ఆసుపత్రుల నీడలో పెరిగిన మన సంఘములకు ఈ సంగతి సులభముగా అర్థమగును.

అతడు బురుండి దేశములో వైద్యము చదివి, లెమెరా అను పల్లెలోని మిషను ఆసుపత్రిలో చేరెను. ప్రసవ సమయమున సరియైన సహాయము లేక తల్లులు చనిపోవుట చూచి, ఫ్రాన్సు దేశమునకు పోయి స్త్రీల వైద్యము నేర్చుకొని మరల వచ్చెను. 1996లో యుద్ధము వచ్చెను. ఆ సంవత్సరము అక్టోబరు 6వ తేదీ రాత్రి ఆయుధధారులు లెమెరా ఆసుపత్రి మీద పడి, మంచములమీద ఉన్న రోగులను, వారిని విడిచి పారిపోని పనివారిని చంపిరి. మృతులు ముప్పదిమందికి మించిరి. ఆ రాత్రి డాక్టరుగారు అక్కడ లేరు గనుక బ్రతికిరి.

1999లో ఆయన బుకావు పట్టణములో పాంజీ అను ఆసుపత్రి స్థాపించెను. అది పెంతెకోస్తు సంఘములది, స్వీడను దేశపు విశ్వాసులు దానికి సహాయము చేసిరి. తల్లులు సుఖముగా ప్రసవించుటకై దానిని తలపెట్టిరి. అయితే అక్కడికి వచ్చిన మొదటి రోగి ప్రసవమునకు రాలేదు. సైనికులు చెరచి, తుపాకితో కాల్చి విడిచిన స్త్రీ ఆమె. ఆమె వెనుక మరియొకతె, ఆమె వెనుక పదిమంది, వందలు, వేలు. ఇది వ్రాయుటకు చేయి ఆడదు. అయితే దేవుడు న్యాయాధిపతులు 19వ అధ్యాయమును తన గ్రంథములోనుండి తీసివేయలేదు గనుక మనమును కండ్లు మూసికొనరాదు.

ఈ దుర్మార్గము కేవలము కామమువలన కలిగినది కాదు. ఆ దేశపు భూమిలో బంగారము, తగరము, కోల్టాను అను ఖనిజము ఉన్నవి. ఆ నేలకొరకు సాయుధులైన గుంపులు పోరాడుచున్నవి. గ్రామస్థులు భయపడి లోబడవలెనన్నను, ఊరు విడిచి పారిపోవలెనన్నను, వారి స్త్రీలను ఇంటివారి యెదుటనే చెరచుట వారికి తుపాకికంటె చవుకైన ఆయుధమాయెను. కోల్టానులోనుండి తీసిన లోహమును మన చేతులలోని సెల్ ఫోనులలో వాడుదురు. బుకావు మనకు దూరమని అనుకొందుము. మన జేబులోని వస్తువునకు ఆ దేశపు మట్టితో సంబంధముండవచ్చును.

డాక్టరు ముక్వెగె మొదట గాయములను కుట్టెను. కుట్టి పంపిన స్త్రీ కొన్ని సంవత్సరములకు అదే విధమైన గాయముతో మరల వచ్చెను. చెరచబడిన తల్లికి తాను పురుడుపోసిన బిడ్డ పెరిగి తానును చెరచబడి వచ్చెను. గాయము కట్టుట ఒక్కటే చాలదని అప్పుడు ఆయనకు తెలిసెను. మంచి సమరయుడు గాయపడినవానిని పూటకూళ్లవాని ఇంటికి చేర్చెను, మంచిదే. అయితే ఆ మార్గమున ప్రతిదినము దొంగలు అదే పని చేయుచుండినయెడల, ఎవడో ఒకడు వెళ్లి ఆ దొంగలను గూర్చి మాటలాడవలెను గదా. ఆయన మాటలాడెను. 2012 సెప్టెంబరులో న్యూయార్కు నగరమందు ఐక్యరాజ్యసమితిలో నిలిచి, ఈ నేరములు చేసినవారికి శిక్ష లేకపోవుటను ఖండించెను.

ఒక నెల గడిచెను. అక్టోబరు 25వ తేదీని ఆయన ఇంటికి చేరుసరికి సాయుధులు లోపల ఆయన కుమార్తెలను నిర్బంధించియుండిరి. ఆయనను కాల్చబోవగా, చిరకాలము ఆయనయొద్ద పనిచేసిన కావలివాడు కేకవేసి అడ్డమువచ్చెను. వారు అతనిని కాల్చి చంపిరి. డాక్టరుగారు నేలకు పడి ప్రాణము దక్కించుకొనెను. పరిరక్షకునికి వచ్చు అపాయము అతనియొద్దనే ఆగదు, ప్రక్కన నిలిచినవానికిని వచ్చును. లోకము డాక్టరుగారి పేరు ఎరుగును, ఆ కావలివాని పేరు ఎరిగినవారు కొద్దిమందియే. ప్రభువు ఎరుగును.

ఆయన కుటుంబముతో దేశము విడిచి ఐరోపాకు పోయెను. దీనికి ఎవరు తప్పుపట్టగలరు? ఏలీయా కూడ యెజెబెలుకు భయపడి పారిపోయెను.

4. అనాసపండ్ల కానుక

తరువాత జరిగినది మన పాఠమునకు ప్రాణము. డాక్టరుగారు లేని పాంజీ ఆసుపత్రి యెదుట ఆయన బాగుచేసిన స్త్రీలు కూడుకొనిరి. వారిలో అనేకులకు దినమునకు ఒక డాలరైనను ఆదాయము లేదు. వారు పెద్దలకు ఉత్తరములు వ్రాసిరి, ఫలము లేకపోయెను. అప్పుడు తమ పొలములలో పండిన అనాసపండ్లు, ఉల్లిపాయలు తెచ్చి అమ్మసాగిరి. ఆ డబ్బు ఎందుకు? డాక్టరుగారి విమానపు టిక్కెట్టు కొరకు. నీకు కాపుదల లేదందువేమో, మేము కొందరము కొందరముగా వంతులు వేసికొని రాత్రింబగళ్లు కావలియుందుము అని చెప్పి పంపిరి. వారియొద్ద ఆయుధములు లేవు. తమ దేహములనే అడ్డము పెట్టుదుమని వారి భావము.

ఆ మాట విని ఆయన ఊరకుండలేకపోయెను. 2013 జనవరి 14న తిరిగివచ్చెను. విమానాశ్రయమునుండి పట్టణమువరకు మార్గము పొడవున జనులు నిలిచి ఆయనను ఎదుర్కొనిరి. అటు తరువాత ఆయన తన ఇంట కాక ఆసుపత్రి ఆవరణములోనే కాపురముండి పనిచేసెను.

2018లో ఆయనకు, ఇరాకు దేశపు యజీదీ స్త్రీయైన నాదియా మురాదుగారికి కలిపి నోబెలు శాంతి బహుమానము ఇచ్చిరి. ఆ వార్త వచ్చినప్పుడు ఆయన ఆపరేషను గదిలో ఉండెను. డిసెంబరు 10న ఓస్లో నగరమందు బహుమానము పుచ్చుకొని, రాజుల యెదుట ఒక సంగతి జ్ఞాపకము చేసెను. తన దేశములో 1993 మొదలు 2003 వరకు జరిగిన 617 ఘోరమైన సంఘటనలను వివరించిన నివేదికను ఐక్యరాజ్యసమితివారు 2010లోనే ప్రకటించిరి; అయితే దానిని సొరుగులో పెట్టి మరచిరి అని చెప్పెను. మీరు నాకు ఇచ్చు ఘనతకంటె ఆ సొరుగు తెరచుట మేలు అనునట్లు ఆయన భావము.

ఆ బంగారు పతకము ఆయనను కాపాడెనా? కొంతవరకు కాపాడెను. లోకము చూచుచున్నదని తెలిసినయెడల హంతకుడు జంకును. అయితే 2020లో ఒక సామూహిక హత్యను ఖండించినందుకు ఆయనకు మరల చంపుదుమని బెదిరింపులు వచ్చెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సైనికులను మరల కావలి పెట్టవలసివచ్చెను. 2025 ఫిబ్రవరిలో బుకావు పట్టణమే తిరుగుబాటు సైన్యమునకు చిక్కెను. ఎన్ని బహుమానములు వచ్చినను గొయ్యి ఇంకను నోరు తెరచియే యుండెను.

సహోదరీ సహోదరులారా, నోబెలు పతకము గొప్పదా, అనాసపండ్లు గొప్పవా అని నేను తూచను. రెండును కావలెను. అయితే మన పల్లె సంఘములు ఎవరికిని పతకము ఇయ్యలేవు. పాతగుడ్డలు, త్రాళ్లు, అనాసపండ్లు మనయొద్ద ఉన్నవి. మనము ఇయ్యగలిగిన ఘనత అదియే.

5. నా ఒప్పుకోలు

ఇంతవరకు దూరదేశపు సంగతి వ్రాసితిని. ఇప్పుడు దగ్గర సంగతి చెప్పకపోయినయెడల నేను గోరీలకు సున్నము వేసినవాడనగుదును.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను కాపరిగా ఉన్న ఒక గ్రామమునుండి ఆరు కుటుంబములు బయానా పుచ్చుకొని దూరమందలి ఇటుక బట్టీకి పోయెను. అక్కడ లెక్క తేలదు, ఊరికి పోనియ్యరు, జబ్బుచేసినను పని తప్పదు. వారిలో ఒక యౌవనస్థుడు తప్పించుకొని వచ్చి, అధికారులకు అర్జీ పెట్టెను. వెట్టిచాకిరిని రద్దుచేసిన చట్టము 1976లోనే వచ్చినది. దానిచొప్పున కలెక్టరుగారు విచారణ చేయించి, విడుదల పత్రములు ఇయ్యవలెను. అయితే విచారణకు సాక్ష్యము కావలెను. కూలీలను పంపిన మేస్త్రీ మన గ్రామస్థుడే. మన గుడి పైకప్పునకు రేకులు ఇచ్చినవాడు కూడ. యౌవనస్థుని ఇంటికి రాత్రివేళ మనుష్యులు వచ్చి బెదిరించిరి. అతని భార్యకు పొలము పనులలో పిలుపు ఆగిపోయెను.

పెద్దలు నాయొద్దకు వచ్చి, అయ్యగారూ, మీరు చెప్పినయెడల వింటాడు, ఊరిలో తగవు ఎందుకు అనిరి. నేను పోయి అతనితో ఓర్పును గూర్చి మాటలాడితిని, ప్రార్థన చేసితిని. రాజీపడుమంటిని. అతడు తలవంచుకొని విని, నాకు దణ్ణము పెట్టి, మరునాడు ఒంటరిగా బస్సు ఎక్కి సాక్ష్యము చెప్పివచ్చెను. ఆ ఐదు కుటుంబములు విడుదల పొందినవి. అతడు మాత్రము ఊరిలో నిలువలేక పట్టణమునకు పోయెను.

రెండు సంవత్సరములకు కోతకాలపు పండుగకు అతడు వచ్చినప్పుడు మేమందరము లేచి దండ వేసితిమి. నేనే ప్రసంగము చేసితిని. కూటము ముగిసిన తరువాత అతడు దండ తీసి బల్లమీద పెట్టి, మెల్లగా ఇట్లనెను: "దండెందుకండయ్యగారూ. ఆ రోజు ఆఫీసుకాడికి ఒక్కరు నాతో వచ్చుంటే చాలునండి."

నేను సెమినరీలో యిర్మీయా గ్రంథమును చదివినవాడనే. పరీక్షలో ఎబెద్మెలెకును గూర్చి వ్రాసినవాడనే. గొయ్యి నా కాళ్లయొద్దకు వచ్చినప్పుడు నేను అధిపతుల ప్రక్కన నిలిచితిని. గోతిలోనున్నవానికి ఓర్పును గూర్చి బోధించితిని. ఓర్పు మంచిదే. అయితే బాధపడువానికి ఓర్పు బోధించి, బాధపెట్టువానికి ఏమియు బోధింపని కాపరి గొఱ్ఱెలను కాదు, తోడేలును కాచుచున్నాడు. ఈ సంగతి మన ప్రభువు సన్నిధిని ఒప్పుకొంటిని, ఇప్పుడు మీ యెదుట ఒప్పుకొనుచున్నాను.

6. మనము చేయదగినవి

అపొస్తలుడైన పౌలు రోమాలో సంకెళ్లతో ఉండగా అనేకులు అతనిని విడిచిపోయిరి. ఒనేసిఫోరు మాత్రము ఆ సంకెళ్లను గూర్చి సిగ్గుపడక, శ్రద్ధగా వెదకి కనుగొని, అతనిని ఆదరించెను (2 తిమోతి 1:16–18). వెదకుట, కనుగొనుట, ఆదరించుట. మనమును ఈ క్రమమునే అనుసరింపవచ్చును.

మొదట నిజము విచారింపుడి. అర్జీ పెట్టిన ప్రతివాడు నీతిమంతుడు కాడు. వదంతి విని పరుగెత్తకుడి, వదంతి విని విడిచిపెట్టకుడి. ఇద్దరు ముగ్గురు పెద్దలు పోయి స్వయముగా వినుడి.

తరువాత తోడుపోవుడి. పోలీసు ఠాణాకు, కచేరికి, కోర్టు వాయిదాకు పోవువాని వెంట ఇద్దరైనను ఉండవలెను. మాటలాడనక్కరలేదు, ప్రక్కన కూర్చుండిన చాలును. అర్జీల నకళ్లు, రశీదులు ఒక సంచిలో భద్రపరచి, ఒక ప్రతి వేరొకరి ఇంట ఉంచుడి.

చట్టము ఇచ్చు సహాయమును ఎరుగుడి. 1987 నాటి చట్టముచొప్పున స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, వెట్టికి గురియైనవారికి వారి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయ సహాయము కలదు. జిల్లా కోర్టు ఆవరణములోని న్యాయసేవాధికార సంస్థను అడుగవచ్చును, 15100 నెంబరుకు ఫోను చేయవచ్చును. క్రిమినలు కేసులలో సాక్షులను కాపాడు పథకమును 2018 డిసెంబరులో సుప్రీం కోర్టు ఆమోదించెను. బెదిరింపు ఉన్న సాక్షి దానిచొప్పున దరఖాస్తు పెట్టుకొనవచ్చును.

అతని ఇంటిని మరువకుడి. పిడికెడు బియ్యపు కానుకలో కొంత ఆ ఇంటికి పోవచ్చును. అతని భార్యను కూలికి పిలువుడి. పిల్లల బడి ఫీజు విచారింపుడి. ఇవే పాతగుడ్డలు. త్రాడు ఒరుసుకొను చోట మెత్తగా ఉండవలెను.

నాలుకను కాచుకొనుడి. అతడు ఎక్కడ ఉన్నాడో, ఎప్పుడు సాక్ష్యమునకు పోవునో సంతలో చెప్పకుడి. అతని ఫోటోను సెల్ ఫోనులలో పంపకుడి. మేలు చేయుదమని పొగడి, శత్రువునకు జాడ చెప్పినవారమగుదుము.

కడపట, అతడు మన సంఘస్థుడా అని అడుగకుడి. ఎబెద్మెలెకు ఇశ్రాయేలీయుడు కాడు. పాంజీ ఆసుపత్రిలో మంచము ఇచ్చుటకు ముందు నీ మతమేదని అడుగలేదు. నిర్గమకాండము 1వ అధ్యాయములో మగబిడ్డలను బ్రతికించిన మంత్రసానుల పేర్లు షిఫ్రా, పూయా అని వ్రాయబడినవి, చంపుమన్న ఫరో పేరు మాత్రము వ్రాయబడలేదు. దేవుడు ఎవరిని ఘనపరచునో ఇందువలన తెలిసికొనుడి.

యిర్మీయా గోతిలోనుండి వెలుపలికి వచ్చినను బందీగృహపు ఆవరణములోనే ఉండెను. ముట్టడి తీరలేదు. పట్టణము కాలిపోయెను. ఎబెద్మెలెకు త్రాడు లోకమునంతటిని మార్చలేదు. అయితే ప్రవక్త బ్రతికెను, అతని నోటిలోని వాక్యము బ్రతికెను. త్రాడు పట్టిన మనిషిని దేవుడు మరువక, ఆ ముట్టడి పడిన పట్టణములో అతనికి పేరుపేరున ఒక మాట పంపెను.

ప్రశ్నలు (కూటములలో చర్చించుటకు)

1. అధిపతులు యిర్మీయా మీద మోపిన నేరమేమి? అట్టి మాట మన గ్రామములో ఎవరిని గూర్చియైన వినుచున్నామా?
2. ఎబెద్మెలెకు చేసిన నాలుగు పనులలో మన సంఘమునకు కష్టమైనది ఏది? ఎందుచేత?
3. బుకావు స్త్రీలయొద్ద ధనము లేదు. వారు ఇచ్చినది ఏమి?
4. సంఘమునకు కానుకలు ఇచ్చువాడే అన్యాయము చేసినయెడల పెద్దలు ఏమి చేయవలెను?
5. ఈ నెలలో మనము ఎవరి ప్రక్కన కూర్చుండవలసియున్నది? పేరు చెప్పనక్కరలేదు, ఇద్దరు పోయి చూచి రండి.

ప్రార్థన

నీతిగల తండ్రీ, నీ సేవకులు గోతిలో దిగబడియుండగా మేము ఒడ్డున నిలిచి ఓర్పును గూర్చి మాటలాడిన దినములను క్షమించుము. మా భయమును నీవు ఎరుగుదువు. భయముతోనే లేచి పోవుటకు మాకు కాళ్లు ఇమ్ము. న్యాయము కొరకు ఒంటరిగా నిలిచినవారిని, వారి భార్యలను, భర్తలను, బిడ్డలను కాపాడుము. కాంగో దేశములో గాయపడిన స్త్రీలను స్వస్థపరచి, వారికి సేవచేయువారిని భద్రపరచుము. మా ఇండ్లలోని పాతగుడ్డలను, మా చేతులలోని త్రాళ్లను నీ పనికి పుచ్చుకొనుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.